గీతకు పైన నొప్పి ఉండదు

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు ఎండాకాలంలో నన్ను గోలేటి వైపు నుంచి గోదావరిఖనికి సర్జన్‌గా బదిలీ చేశారు. బొగ్గు గని కార్మికులకు వైద్యం చేసే ఆసుపత్రి. సర్జరీ ఓపీలో డాక్టరు కుర్చీలో ఆడమనిషినైన నన్ను చూసి సగం మంది తలుపు దగ్గరి నుంచే వెనక్కి తిరిగేవారు. ధైర్యం చేసి లోపలికి వచ్చినవాళ్లు కూడా “కూసునేకాడ బాగలేదు” అని నాకు కాదు, గోడకు చెప్పేవారు. వైద్యుడి దగ్గర, వకీలు దగ్గర దాచకూడదంటారు గానీ, ఆ మాట పుట్టించినవాడికి మొలలు లేనట్టున్నాయి.

మొలలు అక్కడ రోగం కాదు, నౌకరిలో భాగం. భూమి లోపలి గనిని అక్కడ బాయి అంటారు. బాయిలో పనిచోటికి దగ్గర్లో మరుగుదొడ్డి దొరకదు. అందుకని షిఫ్టుకు ముందు నీళ్లు తాగరు, కడుపు నిండా తినరు. దిగాక వచ్చినా పైకెక్కేదాకా బిగబట్టుకుంటారు. ఏళ్ల తరబడి ఇలా చేస్తే మలం గట్టిపడుతుంది. ముక్కి ముక్కి లోపలి రక్తనాళాల మెత్తలు ఉబ్బి కిందికి జారుతాయి, నెత్తురు పడుతుంది. దాన్ని ‘బాయి మొలలు’ అనేవారు. మజ్జిగలో కరక్కాయ పొడి కలుపుకుని తాగి డ్యూటీకి పోయేవారు. లుంగీకి నెత్తురంటినా ఇంట్లో ఎవరూ ఫికర్ పడేవారు కాదు.

ఇంతకీ మలద్వారం ఎంత? నాలుగు సెంటీమీటర్ల గొట్టం, బొటనవేలంత కూడా లేదు. దాని చుట్టూ రెండు కండరాలు, ఒకదానిలో ఒకటి. లోపలిది మన మాట వినదు, దానంతట అదే మూసుకుని ఉంటుంది. బయటిది మన అదుపులో ఉంటుంది. బాయిలో బిగబట్టేది దానితోనే. వచ్చింది గాలా, నీళ్లా, గట్టిదా అని ఆ కాస్త చోటు వేరు చేసి చెబుతుంది. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. గొట్టం మధ్యలో రంపపు పళ్లలాంటి గీత ఒకటి ఉంటుంది. తల్లి కడుపులో పేగు పైనుంచి, చర్మం కిందినుంచి వచ్చి కలుసుకున్న చోటు అది. గీతకు కింద ఉన్నవి చర్మపు నరాలు, చిన్న చీలిక వచ్చినా మనిషిని ఏడిపిస్తాయి. పైన పేగు నరాలు. అక్కడ కోసినా తెలియదు.

వానలు మొదలయ్యే ముందు ఓదెలు వచ్చాడు. సర్దార్. అంటే మిగతావాళ్ల కన్నా ముందు వెళ్లి, గ్యాసు ఉందా, కప్పు గట్టిగా ఉందా అని చూసే మనిషి. యాభై దాటాయి. నెత్తురు ఆగడం లేదని భార్య కనకలక్ష్మి చెయ్యి పట్టి లాక్కొచ్చింది. ఆ పూట బెంచీ దగ్గర ఒక ఫిట్టర్ చీలికతో కూర్చోలేక, నిలబడలేక కళ్లనీళ్లు పెట్టుకుంటున్నాడు. బాయి మొలలకు ఇంత ఏడుస్తారా అని ఓదెలు అతన్ని ఆట పట్టించాడు. ఫిట్టర్‌కు పూత మందు ఇచ్చి, గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చోమని పంపాను. ఓదెలును ఎడమపక్కకు పడుకోబెట్టి వేలితో చూశాను. గీతకు పైన, వెనక గోడ మీద, రాయిలాంటి గడ్డ తగిలింది. నొప్పి ఉందా అంటే అసలే లేదన్నాడు. మొలలు ఇంత గట్టిగా ఉండవు.

ముక్క తీసి పంపితే క్యాన్సరే అని తేలింది. గడ్డ కండరాల దాకా పాకింది. హైదరాబాదులో ముందు రేడియేషన్, అక్కడివాళ్ల మాటలో కరెంటు, పెట్టించి, తర్వాత ద్వారం మొత్తం తీసి కుట్టేసి, పొట్ట మీద మలానికి దారి చేసి సంచి అతికించాలి. కాలేయం ఇంకా శుభ్రంగా ఉంది, బతికే అవకాశం బాగా ఉందని చెప్పాను. సంచితో బాయి దిగొచ్చా అని అడిగాడు. దిగలేవు, అన్‌ఫిట్ చేస్తారన్నాను. నౌకరి పోతే పోనీ, మనిషి ఉంటే చాలని కనకలక్ష్మి బతిమాలింది. సంచితో భోజనాల బంతిలో నలుగురి మధ్య కూర్చుంటే పక్కవాడు తినగలడా అన్నాడు ఓదెలు. చొక్కా కింద ఎవరికీ తెలియదన్నాను. బొమ్మ గీసి చూపించాను. కసిరాను కూడా. చివరికి లేచి నిలబడ్డాడు.

“నొప్పన్న లేకపాయె డాక్టరమ్మా. నొప్పి లేనిదానికి పెయ్యి ఎట్ల కోపిచ్చుకుంట?”

ఒళ్లు కోయించుకోనన్నవాణ్ని, బాయిలో సప్పుడు లేకుండా కూలే కప్పు ఉండదా అని అడిగాను. ఉంటుందని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని వెళ్లిపోయాడు.

తర్వాత కనకలక్ష్మి ఒక్కతే వచ్చేది. కమాన్‌పూర్ దగ్గర ఎవరో పసరు మందు ఇస్తున్నారని, నెత్తురు తగ్గిందని చెప్పింది. తగ్గి మళ్లీ వస్తుంది, మొగుణ్ని తీసుకురా అన్నాను. నా మాట ఇంటలేడమ్మా అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. కబురు పంపితే డ్యూటీలో ఉన్నాడని జవాబొచ్చింది.

బతుకమ్మ పండుగ దాటాక తనంతట తానే వచ్చాడు. మనిషి సగమయ్యాడు. కూర్చోలేక బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. అయినా మొహంలో ఏదో తేలిక కనిపించింది, బాకీ తీర్చేద్దామని వచ్చినవాడిలా.

“ఇగ నొప్పి లేసిందమ్మా. ఇప్పుడు కొయ్యుండ్రి.”

గడ్డ గీత దాటి కింది చర్మంలోకి దిగింది, అందుకే నొప్పి. స్కానింగ్‌లో కాలేయం నిండా మచ్చలు. ఇక కోసి తీసేదేమీ లేదు. ఆ మాట అతనికి చెప్పడం కన్నా కష్టమైన పని నా సర్వీసులో నేను చేయలేదు. దారి మూసుకుపోయి పొట్ట ఉబ్బితే, ఊరట కోసం నేనే పొట్ట మీద దారి చేసి సంచి పెట్టాను. తెలివి వచ్చాక చొక్కా కింద చెయ్యి పెట్టి చాలాసేపు తడిమి చూసుకున్నాడు.

“గింతేనా అమ్మా? దీనికా నేను బుగులు పడ్డది?”

కనకలక్ష్మి మొహం అటు తిప్పుకుంది. చలి తగ్గకముందే అతను పోయాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా బాయి నుంచి వచ్చిన ఎవరినీ నొప్పి ఉందా అని ముందుగా అడగలేదు. నెత్తురు పడుతోందా అని అడిగాను. నొప్పి లేదని ధీమాగా చెప్పినవాణ్ని మొదట చూశాను, ఏడ్చేవాణ్ని తర్వాత. గీతకు పైన నొప్పి ఉండదని పుస్తకాల్లో చదువుకున్నాను. నొప్పి వచ్చేదాకా మనిషి నమ్మడని ఓదెలు వల్ల తెలుసుకున్నాను.