పైలీ కన్ను, ఆరంగుళాల గీత

కేరళలోని పెరుంబావూరులో చెక్కతో పని లేని ఇల్లు లేదు. మిల్లు ఉన్నవాడికి మిల్లు, లేనివాడికి ఆ మిల్లులో పని, రెండూ లేనివాడికి మిల్లు వాళ్ళ మీద చెప్పుకోవడానికి బోలెడు కబుర్లు. అలాంటి ఊళ్ళో ఇరవై తొమ్మిదేళ్ళుగా చెక్కను తగలబెట్టి జీతం తీసుకుంటున్న మనిషి పైలీ ఒక్కడే.

ఆయన పనిచేసే పరీక్షాలయానికి రకరకాల రంగులు వస్తాయి. ప్లైవుడ్ మీద పూస్తే మంటను ఆపుతాయని కంపెనీలు ఒట్టేసి చెప్పే రంగులు. రంగు పూసిన ముక్కను గాజు తలుపున్న ఇనప పెట్టెలో వేలాడదీసి, కింది అంచుకు చిన్న మంట పెడతారు. ముక్క మీద ఆరంగుళాల ఎత్తున ఒక పెన్సిలు గీత ఉంటుంది. నిమిషంలోగా మంట కొన ఆ గీతను తాకితే రంగు తప్పినట్టు, తాకకపోతే నెగ్గినట్టు. చెక్క మీద మసి ఎప్పుడూ మంట కంటే కిందే ఆగిపోతుంది కాబట్టి కొన ఎక్కడిదాకా పోయిందో తర్వాత ఎవరూ చెప్పలేరు. అందుకు సాక్షి మనిషి కన్నే. దీపాలార్పి పైలీ పెట్టె ముందు వంగి చూస్తాడు. పక్కన సహాయకురాలు రజిత స్టాప్‌వాచ్ మీంచి చూపు తిప్పకుండా కూర్చుంటుంది. ఆయన "తాకింది" అంటే అదే రాస్తుంది, "తాకలేదు" అంటే అదీ రాస్తుంది. పైలీ సంతకం పెడతాడు, సీలు పడుతుంది, అక్కడితో సరి.

గత ఆరేళ్ళుగా పైలీ నోట "తాకింది" అన్న మాటే ఎక్కువగా వస్తోంది. పది రంగులొస్తే ఆరు తప్పేవి. ఆయన కంట్లో దయ లేదని కంపెనీల వాళ్ళు తిట్టుకునేవారు. అంతలా తిట్టించుకుంటున్నాడంటే ఎంత నిజాయితీపరుడోనని ఊరు మెచ్చుకునేది. ఎవరో పనసపండు పంపిస్తే దాన్ని ఆటో ఎక్కించి, కిరాయి కూడా తనే ఇచ్చి వెనక్కి పంపాడు. ఆయన భార్య ఏలిక్కుట్టి ఆ పండు కోసం వారం రోజులు మొహం ముడుచుకుని తిరిగింది. ఒక ఆదివారం చర్చిలో ఫాదరు పేరెత్తకుండానే ఆయన్ను పొగిడితే, జనమంతా మెడలు తిప్పి చూశారు. ఆ రోజు నుంచీ పైలీకి తన మీద తనకే గౌరవం పుట్టుకొచ్చింది. చాయ కొట్టు దగ్గర మిల్లు యజమానులు పలకరిస్తే తల మాత్రం ఊపేవాడు. నడకలో కాస్త బిగువు కూడా చేరింది. నిజాయితీపరుడికి ఆమాత్రం బిగువైనా లేకపోతే ఊరికి తెలిసేదెలా?

"మీ నిజాయితీ చేపల పులుసులో వేస్తే పులుపెక్కుతుందా ఇచ్చాయా?" అనేది ఏలిక్కుట్టి. మొగుణ్ణి ఆమె పిలిచే పిలుపు అది. ఆయన జవాబు చెప్పేవాడు కాదు. గొప్పవాళ్ళు ఇంట్లో జవాబు చెప్పరు.

ఆ చేపల పులుసే కొంప ముంచింది. ఒకే వారంలో రెండోసారి ఆయన గొంతులో ముల్లు గుచ్చుకుంది.

"పళ్ళెంలో ముల్లు కనబడదు, మెట్టు కనబడదు. నేను కట్టుకున్న కొత్త చీర అయితే సరేసరి! పదండి డాక్టరు దగ్గరికి" అని చెయ్యి పట్టి లాక్కుపోయింది.

కళ్ళ డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగింది. "చీకట్లో దీపాన్ని చూస్తే దాని చుట్టూ వెలుగు పువ్వులా విచ్చుకుంటుందా?"

"అందరికీ అలాగే కదమ్మా?" అన్నాడు పైలీ.

"అందరికీ కాదు. ఎన్నాళ్ళుగా ఇలా?"

"ఆరేళ్ళవుతుందేమో."

రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఒకదాని తర్వాత ఒకటి తీసేశారు. కట్టు విప్పిన రోజు వంటింటి గోడ పసుపు రంగుది కాదనీ తెల్లదనీ పైలీకి తెలిసింది. "నీ జుట్టింత నెరిసిపోయిందేమిటే?" అని అడిగితే, "తమరి పుణ్యమే" అంది ఏలిక్కుట్టి.

సెలవు ముగించుకుని పనిలో చేరాక మొదటి ముక్క పెట్టెలో వేలాడింది. మంట సన్నగా లేచి నాలుగంగుళాల దగ్గర ఊగిసలాడింది. అంతకంటే పైకి పోలేదు. పైలీ నిమిషమంతా ఎదురుచూశాడు.

"తాకలేదు" అన్నాడు.

రజిత స్టాప్‌వాచ్ మీంచి చూపెత్తింది. "ఏంటి సార్?"

"తాకలేదన్నాగా, రాయి."

రెండోదీ తాకలేదు. మూడోదీ అంతే. శుక్రవారానికి పదకొండు రంగుల్లో తొమ్మిది నెగ్గాయి. పైలీకి ముందు సంతోషం వేసింది, రంగులు బాగుపడ్డాయని. ఆ సాయంత్రం చాయ గ్లాసు పట్టుకుని వీధి దీపం వంక చూస్తూ నిలబడ్డాడు. దీపం చుట్టూ పువ్వు లేదు. ఆరేళ్ళుగా మంట చుట్టూ కూడా ఆ పువ్వు ఉండేదన్నమాట. గీతను తాకింది మంట కాదు, పువ్వు.

తప్పిన ప్రతి రంగు తాలూకు కాల్చని ముక్కను ఒకదాన్ని ఏడేళ్ళు దాచిపెట్టాలని పరీక్షాలయం నియమం. శనివారం పైలీ కొట్టు గది తెరిపించి ఐదు పాత ముక్కలు తెచ్చి పెట్టెలో కట్టాడు. ఐదింట నాలుగు నెగ్గాయి.

"రాయనా సార్?" అంది రజిత మెల్లగా.

"ఇప్పుడే వద్దు."

నాలుగింట్లో ఒకటి మక్కార్ హాజీ రంగు. హాజీ ఇంటి వెనక షెడ్డు వేసుకుని, ముప్ఫై మంది ఆడవాళ్ళను పెట్టుకుని ఆ రంగు తయారుచేయించేవాడు. మూడుసార్లు పరీక్షకు పంపాడు. మూడుసార్లూ పైలీ "తాకింది" అన్నాడు. ఇప్పుడా షెడ్డులో కోళ్ళ దాణా బస్తాలున్నాయి. పైలీకి ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఈలోగా ఊరు తన లెక్క తను తేల్చేసింది. ఆరేళ్ళు రాయిలా ఉన్న మనిషి రిటైరు కావడానికి ఎనిమిది నెలలుందనగా మెత్తబడ్డాడంటే కారణమేమై ఉంటుంది? "మొత్తానికి పైలీ సారు కూడా కళ్ళు తెరిచాడు!" అని చాయ కొట్టులో ఒకడంటే తక్కినవాళ్ళు విరగబడి నవ్వారు. మిల్లు యజమానులు ఇప్పుడు ఆయన్ను చూసి తల ఊపడం మానేసి కన్ను గీటసాగారు. చర్చి నుంచి ఏలిక్కుట్టి ఏడుపు మొహంతో వచ్చింది.

"మిల్లు కోరా వాళ్ళావిడ నా చెవి కమ్మలు కొత్తవా అని అడిగింది. ఇవి నా పెళ్ళినాటివి ఇచ్చాయా!"

పైలీ మొత్తం ఉన్నదున్నట్టు ఒక ఉత్తరంలో రాసి, దాన్ని తీసుకుని డైరెక్టరు వారియర్ దగ్గరికి వెళ్ళాడు. వారియర్ మర్యాదస్తుడు, అరవడం తెలియని మనిషి. ఉత్తరం చదివి, లేచి తలుపు మూసి వచ్చాడు.

"నిజం చెప్పండి పైలీ. డబ్బు తీసుకున్నారా?"

"లేదు సార్!"

"అయ్యో, తీసుకుని ఉంటే ఎంత బాగుండేది" అన్నాడు వారియర్, నిజంగా బాధపడుతూ. "లంచమైతే ఒక్క మనిషిది. పదిహేను రోజులు ఇంట్లో కూర్చోబెట్టి, మందలించి ఊరుకునేవాణ్ణి. ఇదేమో ఆరేళ్ళ నివేదికలు! లంచగొండి ఉన్నా పరీక్షాలయం నడుస్తుంది. గుడ్డివాడు ఉన్నాడంటే మూసెయ్యాలి. అయినా మీరు చేసిన నష్టమేముంది? మరీ కఠినంగా ఉన్నారు, అంతే. దానివల్ల ఎక్కడైనా కొంప తగలబడిందా?"

"హాజీ షెడ్డు మూతపడింది సార్."

"మూతపడింది. తగలబడలేదుగా?" అని వారియర్ ఉత్తరాన్ని మడిచి పైలీ జేబులోనే పెట్టాడు. "ఎనిమిది నెలలు. శాలువా కప్పుతాం. ఇంటికి వెళ్ళి పడుకోండి."

పైలీ ఇంటికి వెళ్ళలేదు, హాజీ దగ్గరికి వెళ్ళాడు. హాజీ దాణా బస్తా మీద కూర్చుని కథంతా విన్నాడు. కోప్పడతాడని పైలీ ఆశపడ్డాడు. హాజీ కోప్పడలేదు.

"నా రంగు పాడుదే సారూ" అన్నాడు.

"కాదు హాజీ, నేను మళ్ళీ కాల్చి చూశాను. బాగుంది."

"బాగుందని చెప్పకండి! పక్క కంపెనీ మిమ్మల్ని కొనేసిందని నలుగురూ అంటే, పైలీ సారు అమ్ముడుపోయే మనిషి కాదు, తప్పు నా రంగుదేనని నేనే ఊరంతా వాదించాను. రంగు కలిపేవాడు కొలత తప్పాడనుకుని వేలాయుధన్‌ను మెడపట్టి గెంటాను. పిల్లల మీద ఒట్టేశాడు, అయినా నమ్మలేదు. మీ సీలు నమ్మాను. ఇప్పుడు వాడి మొహం నేనెలా చూడను? చూడగలిగితే మీరు చూడండి."

వేలాయుధన్ బస్టాండులో లాటరీ టికెట్లు అమ్ముతున్నాడు. దొంగ కొలతలవాడని పేరుపడ్డాక ఏ షెడ్డులోనూ పని దొరకలేదు. పైలీ చెప్పిందంతా టికెట్లు సర్దుకుంటూనే విన్నాడు.

"ఇందులో నాకు కొత్త మాటేముంది సారూ? నేను కలిపింది నాకు తెలీదా?" అన్నాడు. ఆ తర్వాత చెయ్యి ఆగింది. "మా వాళ్ళకు తెలీదు. మా ఆవిడకు కూడా అనుమానమే. కాగితం మీద రాసిస్తారా?"

పైలీ అక్కడే టికెట్ల బల్ల మీద ఒక కాగితం పెట్టుకుని, రంగులో తప్పు లేదనీ తప్పు తన కంటిదనీ రాసి సంతకం చేశాడు. వేలాయుధన్ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సీలేది?"

"సీలు లేదు. ఇది నేను సొంతంగా రాసిచ్చింది."

"పాడుదని రాసినప్పుడు సీలు వేశారు కదా సారూ?"

పైలీ కాగితం వెనక్కి తీసుకుని, "రేపు తెస్తాను" అన్నాడు.

మర్నాడు పొద్దున రజితను పక్కన కూర్చోబెట్టుకుని దాచిన హాజీ రంగు ముక్కల్లో మరొకదాన్ని పద్ధతి ప్రకారం కాల్చాడు. ఈసారి ఆమెనూ మంట కొనను చూడమన్నాడు. సవరించిన నివేదిక తయారైంది. సవరణకు కారణం అన్న గడిలో "పరీక్షించినవాడి కంట్లో ఆరేళ్ళుగా శుక్లం" అని రాశాడు.

రజిత ఆ గడి రెండుసార్లు చదివింది. "సార్, ఇది బయటికి పోతే ఆరేళ్ళ కాగితాలన్నీ..."

"సీలు ఇలా ఇవ్వమ్మా."

రజిత సొరుగు తీసి ఇచ్చింది. పైలీ సీలు వేసి, పుస్తకంలో నంబరు ఎక్కించి, ఒక ప్రతి హాజీకి, ఒక ప్రతి వేలాయుధన్‌కు, మరొకటి డైరెక్టరుగారి బల్లకు పంపాడు.

మధ్యాహ్నం మూడు దాటకముందే ఉత్తర్వు వచ్చింది. శుక్లం మాటే అందులో లేదు. ఒక రంగు వ్యాపారి దగ్గర ప్రతిఫలం పుచ్చుకుని పాత నివేదికను మార్చినట్టు అనుమానం ఉన్నందున పైలీని సస్పెండు చేశారు. ఆ నివేదికను రద్దు చేశారు. తక్కిన నివేదికలన్నీ యథాతథంగా చెల్లుతాయని చివర ఒక వాక్యం ఉంది.

ఏలిక్కుట్టి గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఏం రాశారు?"

"లంచం తిన్నానని."

"ఎవరి దగ్గర? ఆ కోళ్ళ దాణా హాజీ దగ్గరా?" అని నవ్వడం మొదలుపెట్టింది. కాసేపటికి అది నవ్వు కాదని ఇద్దరికీ తెలిసింది. ఆయన పక్కన మెట్టు మీద కూలబడి, "తప్పుగా చూసినన్నాళ్ళూ మంచివాడన్నారు కదా మిమ్మల్ని" అంది.

పైలీ ఉత్తర్వును మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"వేలాయుధన్ కాగితం మీద సీలు బాగా పడిందే" అన్నాడు. "రద్దయిందని తెలిసేలోగా వాళ్ళావిడ చదివే ఉంటుంది."