పొయ్యి తలుపు మీద తువ్వాలు

తార్నాక మెట్రో స్టేషన్ కింద ఇస్త్రీ బండి అతను తడి చొక్కా మీద బొగ్గుల పెట్టె ఆనించగానే గుప్పుమని ఆవిరి లేస్తుంది. బొగ్గు, ఆవిరి కలిసిన ఆ వాసనకు ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది. పట్టపగలు, చుట్టూ బస్సులు, హారన్లు. అయినా ఎవరో నా భుజం పక్కనే ఊపిరి పీల్చినట్టనిపించి వెనక్కి చూసుకుంటాను. మెకానికల్ ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే మనిషికి ఇదేం పిరికితనం అని మీరు నవ్వుకోవచ్చు. మీకు ఎల్లయ్య గారి సంగతి తెలియదు కదా.

యూనివర్సిటీలో మా వర్క్‌షాపు వెనక రేకుల షెడ్డులో ఒక చిన్న ఆవిరి ఇంజిన్ ఉండేది. మూతపడిన ఒక చక్కెర ఫ్యాక్టరీ నుంచి వచ్చింది, చెరుకు బండ్లు లాగి లాగి అలిసిపోయిన ఇంజిన్. దాన్ని మళ్లీ నడిపించాలని నేను పంతం పట్టాను. చదువైతే ఉంది కానీ ఆ పని నా చేతికి తెలియదు. అందుకే దాన్ని ముప్పై ఏళ్లు నడిపిన డ్రైవర్‌ను వెతికి పట్టుకున్నాం. సీతాఫల్‌మండిలో కూతురింట్లో ఉండే ఎల్లయ్య గారు రోజూ నడుచుకుంటూ వచ్చేవారు. మొదటిరోజే నా చేతిలో స్పానర్ లాక్కుని, "గట్ల తిప్పితే దాని పాణం పోతది మేడం. జర పైలం" అన్నారు. నాకు ముక్కు మీదే కోపం. కానీ ఆయన తిప్పగానే నట్టు ఊడి వచ్చింది. ఆయనకు చెవులు సరిగ్గా వినపడవు. బాయిలర్ రేకు మీద అరచెయ్యి ఆనించి, సుత్తితో తట్టి, లోపలి పగులును చేత్తోనే పట్టేసేవారు. ఏడాది తిరిగేసరికి ఆ విద్య నాకూ కాస్త అబ్బింది, మేడం కాస్తా బిడ్డనయ్యాను.

ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పుకుని ఇంజిన్ నీడలో కూర్చున్నాం. "పొయ్యిల దూరేటప్పుడు నీ చున్నీ తలుపు పిడికి తగిలియ్యి బిడ్డా" అన్నారు. బాయిలర్‌కు నిప్పు వేసే ఆ పొయ్యిలోకి మనిషే పాకి మసి గీకాలి, అందుకే ఫ్యాక్టరీలో అదే కట్టుబాటట. తలుపు మీద తువ్వాలుంటే మనిషి లోపల ఉన్నట్టు, లేకుంటే లేనట్టు.

"అంత చాదస్తం ఎందుకు? తొంగి చూస్తే సరిపోదా?" అన్నాను. నా నోరు పడిపోను!

ఆయన చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. "మల్లేశన్న అని నా దోస్తు. గీ పొయ్యిలనే మసి గీకెటోడు. ఆ పొద్దు నొస్తున్నయని తువ్వాల లోపల్నే మోకాళ్ల కింద పర్సుకున్నడు. తలుపు మీద తువ్వాల లేదు. నేను నిప్పేసిన."

నేను నా డబ్బాకు మూత పెట్టేశాను.

"గప్పటి సంది నిప్పేసే ముందల మల్లేశన్నను మూడుసార్లు పిలుస్త. ఫ్యాక్టరీ మూతపడెదాంక పిలిచిన. ఒక్కపారి పలికితే చాలు బిడ్డా. తిట్టినా మంచిదే."

ఈ ఇంజిన్ మళ్లీ రాజుకోవాలని ఆయన ఎందుకంత తహతహలాడుతున్నారో అప్పుడు అర్థమైంది.

తొలిసారి నిప్పు వేసే రోజు వచ్చింది. పది గంటలకు అతిథులు వస్తారు. పొయ్యిలో కట్టెలు పేర్చి, ఎల్లయ్య గారు కిరసనాయిలు గుడ్డ తేవడానికి వెళ్లారు. అవతలి చివర గొట్టాల దగ్గర చెమ్మ ఉందేమోనని నాకు అనుమానం. ఒక్క నిమిషం పనే కదా అని, మసికి ముక్కు చుట్టూ చున్నీ బిగించుకుని, కట్టెల మీదుగా లోపలికి పాకాను. ఆ ఇనుము బాగా చల్లగా ఉంది. నా ఊపిరి నాకే తిరిగి వినపడుతోంది. చిరాకేసి ఊపిరి బిగబట్టాను. ఊపిరి చప్పుడు ఆగలేదు.

అంతలో కిరసనాయిలు వాసన వచ్చింది. తలుపు దగ్గర ఎర్రటి వెలుగు కదిలింది.

"మల్లేశన్నా, బయటికొచ్చినవా?"

అరవబోయాను. మసి గొంతుకడ్డం పడి గాలి తప్ప మాట రాలేదు. చెయ్యెత్తి రేకు మీద కొడదామంటే చెయ్యి కదల్లేదు. రెండోసారి పిలిచారు. ఇక అయిపోయాననుకున్నాను, మా అమ్మ గుర్తొచ్చింది. మూడోసారి పిలిచారు. అప్పుడు నా భుజం పక్కనుంచి ఒక మగ గొంతు పలికింది. వెలుగు వెనక్కి పోయింది.

ఎలా బయటపడ్డానో తెలియదు. మంటను కాలితో తొక్కేసి ఎల్లయ్య గారు నేల మీద కూలబడి ఉన్నారు. నన్ను చూసి ఆయన కళ్లు ఒక్కసారి పెద్దవయ్యాయి.

"ఏదో చప్పుడు ఇనొచ్చింది. మాట సమజ్ కాలే. నువ్వేనా బిడ్డా పలికింది?"

గేటు దగ్గర కార్లు ఆగుతున్నాయి.

"నేనే" అన్నాను.

"బతికినవ్ తల్లీ" అని నా తల పట్టుకుని ఏడ్చారు. కానీ క్షణం ముందు ఆ కళ్లలో ఉన్న ఆశ ఇప్పుడు లేదు. దాన్ని తీసేసింది నేనే.

ఆరోజు ఇంజిన్ నడిచింది, అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత నిప్పు వేసినప్పుడల్లా ఆయన తొంగి చూసేవారే తప్ప పిలవలేదు. "ఇగ పిలువ బిడ్డా. మల్లేశన్న పలుకడు" అన్నారు. నిజం చెబుదామని రెండుసార్లు వాళ్లింటికి వెళ్లి, చాయ్ తాగి వచ్చేశాను. పిచ్చిదనుకుంటారని కాదు. పైకి అంటే అది నిజమైపోతుందని భయం. వానాకాలంలో ఆయన పోయారు.

ఆయనకు చేరవలసిన మాట నా దగ్గరే ఉండిపోయింది. ఆ గొంతులో కోపం లేదు. దోస్తును కసురుకున్నట్టు, చనువుగా అంది: "ఆగురా ఎల్లిగా, లోపల పిల్ల ఉన్నది."