మా పరుపుల బావ

మా బావ మొహం ఎవరికీ గుర్తుండదు. పెళ్ళయిన కొత్తలో మా అమ్మ తలుపు తీసి, "ఎవరు కావాలి బాబూ?" అని సొంత అల్లుణ్ణే అడిగింది. పెళ్ళి ఫోటోల్లో అక్క పక్కన ఎవరో దారినపోయేవాడు నిలబడినట్టుంటాడు. పొడుగూ కాదు, పొట్టీ కాదు. అందగాడూ కాదు, అనాకారీ కాదు. ఆ మొహం చూసే ఉద్యోగం ఇచ్చారని మాకు చాలా ఏళ్ళకిగానీ తెలియలేదు.

మామూలు ప్రయాణికుడిలా విమానంలో కూర్చోవాలి. చొక్కా కింద తుపాకీ ఉంటుంది. ఎవడైనా విమానాన్ని దారి మళ్ళించబోతే పట్టుకోవాలి. అదీ పని. ఎవడూ మళ్ళించకపోతే? ఊరికే కూర్చోవాలి. నేను ఇంట్లో పుస్తకం పట్టుకుని కూర్చుంటే సోమరిపోతునట. బావ ముందు సీటు వీపు చూస్తూ కూర్చుంటే నెలనెలా జీతం. లోకం న్యాయం ఇలా ఏడిసింది.

ఈ సంగతి అక్క ఒక్కదానికే తెలుసు. మిగతావాళ్ళందరికీ ఆయన పరుపుల కంపెనీ ఏజెంటు. "ఇంతమంది ఇంజనీర్లుండగా పరుపులమ్మేవాడే దొరికాడు మన పిల్లకి" అని అమ్మ నిట్టూర్చని రోజు లేదు. అబద్ధం అతకాలని బావ పరుపుల గురించి నిజంగానే నేర్చుకున్నాడు. భోజనానికొచ్చిన చుట్టాల నడుములు నొక్కి చూసి, "మీకు గట్టి దూదే మంచిదండీ, స్పంజి పనికిరాదు" అనేవాడు. మావయ్య నమ్మేసి ఒక డబుల్ పరుపు పురమాయించాడు. పాపం బావ బజార్లో కొని, నెత్తిన పెట్టుకుని, మావయ్య వాళ్ళ మేడ మెట్లన్నీ ఎక్కి ఇచ్చొచ్చాడు.

ఇంట్లో కూడా గోడకి వీపు ఆనించి, గుమ్మం కనబడేలాగే కూర్చునేవాడు. "ఎవరికో భయపడుతున్నాడే మీ ఆయన" అనేది అమ్మ అక్కతో.

అలాంటి బావ ఉద్యోగానికి ఒకసారి గండం వచ్చింది. వాళ్ళకి అప్పుడప్పుడూ ఒక పరీక్ష పెడతారు. పై ఆఫీసు మనిషి ఎవరో ప్రయాణికుల్లో కలిసిపోయి వచ్చి, ఈ దొంగచాటు కాపలావాడు ఎవడో కనిపెట్టాలి. దొరికిపోతే ఇక జన్మలో విమానం ఎక్కనివ్వరు. విమానాశ్రయం బయట ట్రాలీలు సర్దించే పనిలో వేస్తారు. బావ స్నేహితుడొకడు అక్కడే ఉన్నాడు. కునుకు తీస్తూ "చేతులు పైకెత్తు!" అని కలవరించి దొరికిపోయాడట.

బావకి పరీక్ష పడ్డ విమానంలోనే అమ్మా నేనూ ఎక్కాం. పిన్నికి మోకాలి ఆపరేషనైతే చూడ్డానికి బయల్దేరాం. ఆ పొద్దున్నే బావ ఫోన్ చేసి, "పరుపుల మీటింగుంది అత్తయ్యగారూ, బస్సులో పోతున్నా" అని చెప్పాడు.

సీటు వెతుక్కుంటూ నడుస్తున్న అమ్మ టక్కున ఆగింది. మొహాన్ని కాదు, చొక్కాని గుర్తుపట్టింది. ఆవిడ కొనిపెట్టిన చొక్కా అది. పక్కన కూర్చున్న ఒకావిడ నవ్వుతూ ఆ చొక్కాతో ఏదో మాట్లాడుతోంది.

"నువ్వు బస్సులో కదా పోతున్నావు!"

బావ తలెత్తి చూశాడు. "ఎవరండీ మీరు?"

"నేనెవరా? నీకు పిల్లనిచ్చినదాన్ని! ఇంతకీ ఈ మహాతల్లి ఎవరు?"

"నేనాండీ?" అంది పక్కావిడ. "ఇప్పుడే పరిచయం."

"ఇప్పుడే పరిచయమైతే భుజం భుజం ఆనించి కూర్చుంటారా?"

"సీట్లే అంత ఇరుకండీ!"

"ఏం చెబుతున్నాడు నీకు?"

ఆవిడ నిజాయితీపరురాలు. "మంచి పరుపు చూపిస్తానన్నారు" అంది.

అంతే. విమానం మొత్తం మావైపు తిరిగింది. నేను అమ్మ చెయ్యి పట్టుకుని లాగాను. కొండని లాగినట్టే ఉంది. ఎయిర్‌హోస్టెస్ పరిగెత్తుకొచ్చింది. "పోలీసుల్ని పిలవమ్మా!" అని అరిచింది అమ్మ. బావ ఎవరో విమానం సిబ్బందికి తెలుసు. ఆ పిల్ల కళ్ళు బావ వైపు తిరగబోయి, పైన సామాన్ల అర మీదికి పారిపోయాయి.

విమానంలో గొడవైతే లేవకూడదని బావకి నేర్పారట. కాపలావాణ్ణి బయటికి లాగడానికి దొంగలు వేసిన ఎర కావచ్చు. కానీ ఆ గొడవ సొంత అత్తగారిదైతే ఏం చేయాలో ఏ శిక్షణలోనూ చెప్పలేదు. పైగా పరీక్ష పెట్టేది ఆ పక్కావిడేనని బావకి అప్పటికే అనుమానం. ఎవరో తెలియదని ఇంకా బుకాయిస్తే, వీడేదో దాస్తున్నాడని ఆవిడ పసిగడుతుంది. నిజం చెబితే ట్రాలీలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

వెనక సీటు పెద్దాయన, "ఒప్పేసుకో నాయనా, బయల్దేరాలి" అన్నాడు.

బావ తల వంచుకున్నాడు. "తప్పయిపోయింది అత్తయ్యగారూ. బుద్ధి గడ్డి తింది."

పక్కావిడ "ఛీ" అని లేచి వేరే సీటుకి వెళ్ళిపోయింది. దిగాక ఆవిడ ముందు వరసలోని బుర్రమీసాలాయన చెయ్యి పట్టుకుని, "దొరికారు! తుపాకీ ఎక్కడ?" అందట. ఆయన పళ్ళ డాక్టరు.

అలా బావ ఉద్యోగం నిలబడింది. ఇంట్లో పరువే నిలబడలేదు. మేం తిరిగొచ్చాక అమ్మ పంచాయితీ పెట్టింది. అక్క స్నానాల గదిలోకి దూరి, కుళాయి తిప్పి, నోట్లో తువ్వాలు కుక్కుకుని నవ్వింది. బయట నుంచి అమ్మ, "ఏడవకే తల్లీ, నేను లేనూ?" అంటూనే ఉంది. ఆ తర్వాత బావకి వడ్డించినప్పుడల్లా గరిటె చప్పుడు వీధిలోకి వినబడేది.

ఈమధ్య బావని కొత్తవాళ్ళకి పాఠాలు చెప్పే పనిలోకి మార్చారు. ఇక ఇంట్లో చెప్పుకోవచ్చన్నారు. ఆ రోజే అమ్మని కూర్చోబెట్టి మొదటి నుంచీ అంతా చెప్పాడు. నేనైతే నోరు తెరిచి విన్నాను. అమ్మ మాత్రం చేతులు కట్టుకుని వింది.

"తుపాకీయా? మా తమ్ముడి ఇంటికి పరుపు మోసినందుకే రెండ్రోజులు మూలిగాడు, ఇతనికి తుపాకీయా? ఆ పక్క సీటు మహాతల్లి సంగతి కప్పెట్టడానికి ఎంత కథ అల్లాడే!" అంది అక్కతో.

ఇక లాభం లేదని బావ జేబులోంచి గుర్తింపు కార్డు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. కార్డు చూసింది, బావని చూసింది, మళ్ళీ కార్డు చూసింది.

"బాగానే ఉంది" అంది. "ఇంతకీ ఈ ఫోటోలో ఉన్నదెవరు?"