గుప్పిట్లో క్లిప్పులు

ఆ పిల్లకు బడి రిజిస్టర్లో లక్షణమైన పేరే ఉంది గానీ, ఆ పేరు పెట్టి పిలిస్తే తనే వెనక్కి తిరిగి చూడదు. ఇంటా బయటా అందరూ ఉడుమనే అంటారు. నాలుగేళ్ళప్పుడు సూది వెయ్యడానికి వంగిన డాక్టరు చొక్కా జేబు పట్టుకుంది. సూది పొడవడం, దూది అద్దడం, బుజ్జగించడం అన్నీ అయ్యాయి, పట్టు మాత్రం వదల్లేదు. చివరికి జేబే ఊడి చేతికొచ్చింది. ఆ జేబు గుడ్డ ఇప్పటికీ వాళ్ళమ్మ బీరువాలో ఉంది. ఎవరైనా చుట్టాలొస్తే పతకాలకంటే ముందు ఆవిడ చూపించేది దాన్నే.

ఇప్పుడు పందొమ్మిదేళ్ళు. మనిషి పొట్టి, భుజాలు మాత్రం తలుపులో పట్టవు. పొద్దున్నే బస్సు డిపో వెనక రేకుల షెడ్డులో కుస్తీ, సాయంత్రం సముద్రం ఒడ్డున బీచ్ హ్యాండ్‌బాల్. మధ్యలో కాలేజీ. కాలేజీలో నిద్ర.

ఇసుకలో బంతాట ఏం ఆటని కొందరు మూతి తిప్పుతారు. అలాంటి వాళ్ళను మిట్టమధ్యాహ్నం ఆ ఇసుకలో పది నిమిషాలు పరిగెత్తించి, ఊపిరి మిగిలితే అప్పుడు తిప్పమనాలి. గోలు కాసే గోలీతో కలిపి పక్షానికి నలుగురు. కాళ్ళకు ఏమీ ఉండవు. మామూలుగా గోలు వేస్తే ఒక పాయింటు, గాల్లోకి ఎగిరి గిర్రున ఒక చుట్టు తిరిగి వేస్తే రెండు. అసలు చిక్కు ఇంకొకటుంది. ఎదుటి మనిషికి అడ్డం నిలబడొచ్చు, చేతులెత్తొచ్చు, పట్టుకోకూడదు. పట్టుకుంటే ఈల. మొదటి ఈలకు కాసేపు బయట కూర్చోవాలి, రెండో ఈలకు ఇక ఆ ఆటంతా బయటే.

ఉడుమని పేరు పెట్టించుకున్న పిల్లకు దొరికిన ఆట అది.

కుస్తీలో నడుం కనిపిస్తే పట్టుకోవాలి. ఏడేళ్ళుగా ఆ చేతులకు తెలిసిన చదువు అదొక్కటే. దాంతో వరసగా మూడు ఆటల్లో రెండేసి ఈలలు వేయించుకుని బయటికొచ్చింది. జట్టు నాయకురాలు పొడుగక్క, పేరుకు తగ్గ మనిషే, నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుగా నిలబడింది.

"ఆడేది తక్కువ, కూర్చునేది ఎక్కువ అయింది నీకు. బెంచీ ఏమైనా నీ పేర రాశారా?"

"నేను పట్టుకోవట్లేదక్కా. చెయ్యి దానంతటదే పోతోంది."

"పోతే కట్టేసుకో. ఆదివారం ఫైనల్. ఆ రోజు కూడా మధ్యలో బయటికొచ్చావంటే జట్టు చొక్కా విప్పి నా చేతికిచ్చి పో. హాయిగా కుస్తీ చూసుకో."

"రెండూ ఆడతా," అంది ఉడుము. అరవలేదు, ఏడవలేదు. ఉప్పూ పప్పూ తెస్తానన్నట్టు చెప్పింది.

ఆ సాయంత్రమే దండెం మీంచి వాళ్ళమ్మ బట్టల క్లిప్పులు నాలుగు లాగి సంచిలో వేసుకుంది. మర్నాటి నుంచి ప్రాక్టీసులో ఒక్కో గుప్పిట్లో రెండేసి క్లిప్పులు బిగించుకుని అడ్డం నిలబడింది. చేతిలో ఒకటుంటే ఇంకొకటి పట్టుకోలేదు కదా, అదీ లెక్క. క్లిప్పుల పళ్ళు దిగి అరచేతులు ఎర్రగా కమిలాయి. అయితేనేం, మూడు రోజుల్లో ఒక్క ఈల లేదు. పొడుగక్క మొదటిసారి వీపు తట్టింది.

గురువారం పొద్దున కుస్తీ షెడ్డులో ఆ లెక్క బెడిసికొట్టింది. అక్కడ నేర్పే మాస్టారు డిపోలో మెకానిక్కు. చేతులకు గ్రీజు, నోటికి కారం. ఉడుమును తనకంటే తేలికైన పిల్లతో దింపాడు. ఎప్పటిలాగే లోపలికి దూరింది, నడుం దొరికింది, చేతులు చుట్టూ వెళ్ళాయి. వేళ్ళు మాత్రం తెరుచుకోలేదు. ఆ పిల్లే ఉడుము కాలు అందుకుని మ్యాట్ మీద కూర్చోబెట్టింది. మళ్ళీ దిగితే మళ్ళీ అంతే. మూడోసారి మాస్టారు చేతిలో రెంచీ కింద పెట్టి దగ్గరికొచ్చాడు.

"ఏం తల్లీ, పిడికిళ్ళు బిగించుకు తిరుగుతున్నావు. లోపల బంగారం గానీ దాచావా?"

"ఏం లేదు మాస్టారూ."

"అయితే తెరిచి ఏడువు. ఎల్లుండి పోటీకి నీ పేరిచ్చాను. ఇదే వరసయితే ఇప్పుడే చెప్పు, కొట్టేయిస్తా. ఆ ఇసుకలో గెంతులు మానెయ్యి. ఒక జత చేతులకు రెండు బుద్ధులు నేర్పడం ఎవడి వల్లా కాదు."

ఒకరు ఇది మానమంటారు, ఒకరు అది మానమంటారు. ఏదీ మాననంటే ఎలాగో చెప్పేవాళ్ళు లేరు. ఉడుము ఇంటికి పోకుండా వాళ్ళమ్మ పనిచేసే చోటికి పోయింది. పెద్ద హోటలు కింద, కిటికీలు లేని రెండు గదుల లాండ్రీ అది. మొదటి గదిలో నేలంతా నీళ్ళు. వాళ్ళమ్మ ఉత్తి కాళ్ళతో నిలబడి, మిషన్లో సరిగ్గా ఆరని బరువు తువ్వాళ్ళు చేత్తో పిండుతోంది. మెడ నరాలు తేలాయి. తువ్వాలు గనక బతికుంటే చచ్చేది.

సంచి బల్ల మీద పడేస్తే క్లిప్పులు బయటికి దొర్లాయి.

"ఓహో, దొంగ ఇంట్లోనే ఉందన్నమాట," అంది తల్లి. "మూడు రోజుల నుంచీ పక్కింటావిడను అనుమానిస్తున్నానే. నిన్న పాపం పలకరిస్తే మొహం మీద తలుపేశాను."

కూతురు సంగతంతా చెప్పింది. తల్లి విన్నట్టే లేదు. పిండడం ముగించి, రెండో గది గడప దగ్గర కాళ్ళు తుడుచుకుని, అక్కడున్న రబ్బరు చెప్పులు తొడుక్కుని ఇస్త్రీ బల్ల ముందుకు వెళ్ళింది. ఎవరిదో పల్చటి జాకెట్టు, మెడ చుట్టూ వేలెడు కుచ్చులు. ఇందాకటి చేతులే. ఒక్కో కుచ్చునూ ఈగ వాలినట్టు తాకి సర్ది, ఇస్త్రీ పెట్టె అంచు ఆనించి తీస్తోంది.

"అమ్మా, ఇప్పుడేగా ఆ తువ్వాలు ప్రాణం తీశావు. ఇక్కడ మెత్తగా ఉండాలని చేతికి ఎలా తెలుస్తుంది?"

"చేతికేం తెలుస్తుందే, మొద్దు మొహంది. కాలికి తెలుస్తుంది." తల్లి చెప్పు కాలు ఎత్తి చూపించింది. "పనికి చేరిన కొత్తలో పిండిన చేత్తోనే వచ్చి ఒక పెద్దమనిషి చొక్కాకు మూడు గుండీలు పగలగొట్టాను. ఉద్యోగం పోయినంత పనయింది. అప్పట్నుంచీ ఈ గడప దగ్గర ఆగి, చూసుకుని మరీ చెప్పులు తొడుగుతా. ఉత్తి కాలికి బలం, చెప్పు కాలికి నిదానం. ఇరవై రెండేళ్ళయింది, ఇంకో గుండీ పగల్లేదు."

"నాకది తిరగేసి కావాలి. కుస్తీలో బూట్లుంటాయి, ఇసుకలో ఉండవు."

"తిరగేసుకో. నాలుగు రోజుల్లో కుదిరేది కాదు, చూసుకో. నాకు నెల పట్టింది."

ఉడుముకు ఉన్నది ఒక పగలూ ఒక సాయంత్రమూ. షెడ్డులో బూట్ల లేసు బిగించడం, స్తంభాన్ని వాటేసుకుని పట్టు బిగించడం. బూట్లు విప్పడం, అదే స్తంభం ముందు అరచేతులు తెరిచి నిలబడడం. మళ్ళీ బూట్లు. లేసులు పీలికలయ్యాయి. మాస్టారు బస్సు కింద నుంచి తల బయటికి పెట్టి చూసి, "పిచ్చి ముదిరింది," అని మళ్ళీ లోపలికి పోయాడు.

శనివారం కుస్తీ పోటీలో మూడో స్థానం వచ్చింది. ఒక కుస్తీలో వేళ్ళు అర క్షణం ఆలస్యంగా తెరుచుకున్నాయి, ఆ అర క్షణంలోనే ఓడిపోయింది. తక్కినవాటిలో ఒకసారి చెయ్యి పడ్డాక ఎదుటివాళ్ళకు విడిపించుకునే దారి దొరకలేదు.

"మూడోదా," అన్నాడు మాస్టారు.

"మూడోదే. వచ్చే ఏడు చూడండి," అంది. ఆయన పేరు కొట్టేస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆదివారం ఫైనల్. ఇసుక పెనంలా కాలుతోంది. మొదటి సెట్టు గెలిచారు. రెండో సెట్టు మొదట్లోనే అలవాటు చొప్పున చెయ్యి పోయింది, ఈల పడింది. కాసేపు కూర్చుని లోపలికొచ్చింది. ఇంకొక్క ఈల పడితే చొక్కా విప్పి ఇచ్చెయ్యడమే.

ఆఖరి క్షణాల్లో ఒక పాయింటు ముందున్నారు. ఎదుటి జట్టు పిల్ల బంతితో దూసుకొచ్చి సరిగ్గా ఉడుము ముందే గాల్లోకి లేచి తిరిగింది. జానెడు దూరంలో నడుం. ఉడుము చేతులు బయల్దేరాయి. అరికాళ్ళు చుర్రుమన్నాయి. బూట్లు లేవు. వేళ్ళు విచ్చుకున్నాయి, చేతులు పైకి లేచాయి. బంతి వాటి పక్కనుంచి పోయి గోలులో పడింది. రెండు పాయింట్లు. సెట్టు పోయింది.

"నడుం చేతికందిందిగా, పట్టుకు లాగాల్సింది," అంది పొడుగక్క, వారం రోజుల తన మాటలన్నీ మర్చిపోయి.

"లాగితే బెంచీ మీద ఉండేదాన్ని. ఇప్పుడు విసరడానికి ఉన్నాను."

చెరో సెట్టు అయింది కాబట్టి ఇక ఒక్కొక్కరే. తన గోలీ విసిరిన బంతి అందుకుని ఎదుటి గోలీ మీదికి ఒంటరిగా పోవాలి, పక్షానికి ఐదుగురు. వాళ్ళ ఐదుగురూ అయ్యేసరికి ఏడు. వీళ్ళకు నలుగురు అయ్యేసరికి ఆరు. ఐదోది ఉడుము. మామూలుగా వేస్తే సమానం, తిరిగి వేస్తే గెలుపు, తిరగబోయి పడితే ఇంటికి.

బంతి ఎత్తుగా వచ్చింది, ఒళ్ళంతా ఇసుకతో. వదిలెయ్యవలసింది మనిషిని, బంతిని కాదు. ఒంటి చేత్తో అందుకుంటే అది డాక్టరు జేబులా అంటుకుపోయింది. రెండడుగులు వేసి, ఎగిరి, తిరిగింది. గోలీ ఒక పక్కకు దూకింది, బంతి ఇంకో పక్కకు పోయింది.

కేకలు సద్దుమణిగాక పొడుగక్క మొహం మీది ఇసుక తుడుచుకుంటూ వచ్చింది. "రేపు పొద్దున్నే ప్రాక్టీసుకు రా."

"పొద్దున కుస్తీ అక్కా. సాయంత్రం వస్తా."

పొడుగక్క దాని చేతుల వంక చూసింది. "సరే, సాయంత్రమే పెట్టుకుందాంలే," అంది.

ఇంటి గుమ్మంలో తల్లి చెయ్యి చాపింది, గెలిచిన కప్పు కోసం కాదు. "నా క్లిప్పులేవే?"

ఉడుము సంచిలోంచి నాలుగూ తీసి ఇచ్చింది.

"నాకెందుకు ఇస్తావు. పట్టుకెళ్ళి పక్కింటావిడకు చూపించు. తీసింది నువ్వేనని నీ నోటితో చెప్పు. ఆవిడ తలుపు వేసేస్తే మళ్ళీ కొట్టు. వదలకుండా కొట్టు, అది నీకు బాగా వచ్చుగా."