గుడ్డ కప్పిన ఆట

ఆటల టీచరమ్మ పోయిందని ఆదివారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. చేసింది ఫిజియోథెరపీ సెంటరులో ఆయా. "అమ్మగారూ, ఈ గురువారం సార్‌ని తీసుకురాకండి" అని మొదలుపెట్టింది. సెలవేమో అనుకున్నాను. "ఏం, ఎందుకు?" అంటే అవతల ఏడుపు. చర్చికి తయారవుతూ, తల దువ్వుకుంటున్నదల్లా దువ్వెన చేతిలో పట్టుకునే మంచం మీద కూర్చుందట. మళ్లీ లేవలేదట. చిన్నప్పటి నుంచీ గుండె కవాటం సరిగా లేదన్న సంగతి మాకు ఆ ఫోన్లోనే తెలిసింది. లిఫ్టు పేషెంట్లకి వదిలేసి తను మెట్లెక్కి వచ్చేది. ఆయాసపడుతూ "ఇంజను పాతదండీ" అని నవ్వేది. అంత చక్కగా నవ్వే మనిషిని ఎవరు అనుమానిస్తారు?

ఫోన్ పెట్టేసి తిరిగితే మా ఆయన కుర్చీలోంచి నా మొహమే చూస్తున్నారు. మెల్లగా, నొప్పి తెలియకుండా చెప్పే విద్య నాకు రాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"కాదు" అన్నారు.

మళ్లీ చెప్పాను.

"కాదు."

ఈ "కాదు" సంగతి మీకు ముందు చెప్పాలి. మా ఆయన రైల్వే కంట్రోలు ఆఫీసులో పనిచేశారు. ఏ బండిని ఎక్కడ ఆపాలి, దేన్ని ముందు వదలాలి అని ఫోన్లో చెబుతూ ఉండడమే ఉద్యోగం. గొంతే ఆయన పనిముట్టు. రిటైరయ్యాక పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. మనం చెప్పేదంతా అర్థమవుతుంది, చెప్పదలుచుకున్నది నోటికి రాదు. మిగిలింది ఒక్కటే మాట. కాఫీ కావాలా? కాదు. వద్దా? కాదు. డాక్టరు అది జబ్బు లక్షణం అన్నాడు. పెళ్లయిన కొత్తలో నేనేం చెప్పినా ఈయన అనే మాట అదే కాబట్టి నాకు పెద్ద తేడా కనిపించలేదు. ఇలా జోకులు వేస్తున్నానని తప్పుపట్టకండి. ఆ రోజుల్లో ఇంట్లో మాట్లాడే మనిషిని నేనొక్కదాన్నే. నా జోకులకి నేనే నవ్వుకోవాల్సి వచ్చేది.

కాలవ పక్క సందులో ఉన్న ఆ సెంటరుకి చేతి వ్యాయామం కోసం వెళ్లాం. అక్కడ కింద అంతస్తులో యంత్రాలు, తాళ్లు, బరువులు. పైన ఒక గది. తలుపు మీద రిక్రియేషనల్ థెరపిస్టు అని బోర్డు. లోపల నూలు చీర కట్టుకున్న నలభై దాటిన మనిషి, కళ్లు పోయిన ఒక మాజీ లారీ డ్రైవరుతో, చుక్కలు తడిమి పేర్చే డామినోలు ఆడుతోంది. ఆడడం కూడా కాదు, పోట్లాడుతోంది. నేను కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనదాన్ని, నోరు ఊరుకోదు.

"ఆటలాడించడానికి కూడా డిగ్రీ ఉందా అమ్మాయ్?" అన్నాను.

"ఉందండీ మేడం గారూ, చదివాను. ఓడిపోవడానికి మాత్రం లేదు. అది సొంతంగా నేర్చుకున్నా" అంది.

నాకప్పుడే నచ్చింది. పైకి చెప్పలేదు.

జబ్బు మనిషికి కాలూ చెయ్యీ కాక ఇంకో ఇబ్బంది ఉంటుంది. పొద్దు గడవదు. అప్పటిదాకా తను చేసిన పని లేదు, వచ్చే మనుషులు లేరు, కూర్చున్నచోటే చీకటి పడుతుంది. టీచరమ్మ ఆ మాటే తనదైన పద్ధతిలో చెప్పేది: "కాళ్లూ చేతులూ కింద అంతస్తు వాళ్లు చూస్తారండి. సాయంత్రాలు నేను చూస్తాను." మొదటిరోజు మా ఆయన్ని చేతి గురించి అడగలేదు, మాట గురించి అడగలేదు. "కంట్రోలర్ గారూ, చిన్నప్పుడు ఏం ఆడేవారు?" అంది. "వాళ్ల అక్కయ్యలతో అష్టా చెమ్మా" అన్నాను నేను. "మిమ్మల్ని అడగలేదండీ" అంది నవ్వుతూనే. నన్ను అలా అన్నవాళ్లు తక్కువ.

అష్టా చెమ్మా తెలియని పిల్లల కోసం రెండు ముక్కలు. గళ్లు గీసిన పలక, నాలుగు గవ్వలు. గవ్వలు వేసి, ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గళ్లు కాయ జరపాలి. ఎదుటివాడి కాయ ఉన్న గడిలోకి సరిగ్గా వెళ్లి పడితే దాన్ని చంపినట్టు. చచ్చిన కాయ మళ్లీ మొదటి నుంచి రావాలి, నడిమి గడికి చేరిన కాయ పండినట్టు.

రెండో వారమో మూడో వారమో, టీచరమ్మకి మూడు పడితే నాలుగు గళ్లు జరిపింది. నేను పక్కనే కూర్చుని చూశాను. పొరపాటేమో అనుకున్నాను. మళ్లీ చేసింది. ఇంక ఊరుకోలేక, "జబ్బు మనిషితో దొంగాటా?" అని అడిగేశాను.

"ఇక్కడ జబ్బు మనిషి ఎవరూ లేరండి. నాకు ఎదురాడే మనిషి ఉన్నారు" అంటూ ఇంకోసారి గవ్వలు వేసింది. మూడు. కాయ ఎత్తి తాపీగా ఒకటి, రెండు, మూడు, నాలుగు.

మా ఆయన మెడనరాలు ఉబ్బాయి. "కాదు!" అన్నారు. ఆమె వినిపించుకోలేదు. "కాదు! కాదు! మూ... మూడు!"

లారీ డ్రైవరు డామినో కింద పెట్టేసి ఇటు తిరిగాడు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. టీచరమ్మ మాత్రం ఏమీ జరగనట్టు కాయ ఒక గడి వెనక్కి జరిపి, "అయితే మూడేనంటారా? సరే, మీరు కంట్రోలరు, మీ మాట కాదంటానా. మీ వంతు" అంది.

అట్లా ఒక్కొక్క మాటా దెబ్బలాటలోంచి వచ్చింది. మూడు, రెండు, దొంగ, చంపు, నాది, ఆపు. ఇలాంటి మాటలతో సంసారం చెయ్యడం కష్టమేగానీ, హాయిగా చేశాను. "దొంగ" అని నన్ను పిలిచినా పలికాను.

టీచరమ్మకి ఇంకో పద్ధతి ఉండేది. ఏ ఆటా ఆ రోజే పూర్తి కానిచ్చేది కాదు. సరిగ్గా కాయ చచ్చేలా ఉన్నప్పుడో, పండేలా ఉన్నప్పుడో లేచి, పలక మీద తెల్లటి గుడ్డ కప్పేసేది. "మిగిలింది వచ్చే గురువారం." మనకి ఒళ్లు మండుతుంది. ఎందుకిలా అని ఒకసారి అడిగాను. "అయిపోయిన ఆట కోసం ఎవరూ రారండి. మిగిలితే వారమంతా మనసు అటే లాగుతుంది" అంది. నిజంగానే లాగేది. బుధవారం సాయంత్రానికే మా ఆయన ఇస్త్రీ చొక్కా వైపు వేలు చూపించేవారు. ఆ గదిలో గోడవారగా బల్లల మీద అరడజను ఆటలు గుడ్డలు కప్పుకుని ఉండేవి. ప్రతి గుడ్డ కిందా ఒక మనిషి వారం రోజుల ఆలోచన.

కాయలుగా వాడే చింతగింజలు ఆయన ఎడమచేతిలోంచి జారిపోతున్నాయని, ఒకరోజు కొందరిని కొండపల్లి తీసుకెళ్లింది. బస్సులో వెళ్లొచ్చుగా అంటే వినలేదు, పాసింజరు బండే ఎక్కించింది. రాయనపాడు దాటాక బండి ఆగిపోయింది. ఎండ, చెమట, అందరూ విసుక్కుంటున్నారు. మా ఆయన ఒక్కరికే పండగ. కిటికీలోంచి తొంగిచూసి, ఎడమచేత్తో అందర్నీ ఓపిక పట్టమన్నారు. "ముందు... అది" అన్నారు. కాసేపటికి పక్క పట్టా మీద పెద్ద బండి ఒకటి దుమ్ము లేపుకుంటూ దూసుకుపోయింది. టీచరమ్మ చప్పట్లు కొట్టి, "చూశారా, మన బండిని ఎందుకు ఆపారో చెప్పే మనిషి మన పెట్టెలోనే ఉన్నారు" అంది. ఆ పూట ఆయన మొహం రిటైరవక ముందుది.

కొండపల్లిలో పిడికిట్లో పట్టేంత కాయలు చేయించింది. ఆ పొణికి కర్ర చేతిలో ఉన్నట్టే ఉండదు, అంత తేలిక. ఆయనవి పచ్చ చిలకలు, తనవి ఎర్ర ఏనుగులు. "నాకు ఏనుగులెందుకంటే, తొక్కడానికండి" అంది. "దొంగ" అన్నారాయన ఆప్యాయంగా. నన్ను ఏనాడూ అంత ఆప్యాయంగా అనలేదు.

సోమవారం మా అమ్మాయితో కలిసి ఉయ్యూరు, టీచరమ్మ అంత్యక్రియలకి వెళ్లాను. ఈయన రానన్నారు. అంటే, కుర్చీ చెయ్యి పట్టుకుని వదల్లేదు. చర్చి ముందు వీల్‌చైర్లు, చేతికర్రలు. లోపల పాటలు పాడుతున్నారు. శవపేటిక పక్కన వాళ్లమ్మ కూర్చుని ఉంది. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసిన భర్తను ముందే పంపించి, ఇప్పుడు కూతుర్ని పంపిస్తున్న మనిషి. చెయ్యి పట్టుకుంటే నా మొహంలోకి చూసి, "మీది ఏ ఆటండీ?" అంది.

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. "అష్టా చెమ్మా అండి."

"ఓ, రైలాయన! ఆయన ఇంట్లో వాళ్లా మీరు. ఈ గురువారం ఆ చిలకని ఖాయంగా తొక్కేస్తానమ్మా, సరిగ్గా మూడు గళ్ల దూరంలో ఉన్నానంది. శనివారం రాత్రి అన్నం తింటా కూడా అదే మాట" అని, నా చెయ్యి వదలకుండానే పేటిక వైపు తిరిగి, "ఇంకా ఆడాల్సింది ఉందిగా తల్లీ" అంది.

నేను ఇంటికొచ్చి ఇది ఆయనకి చెప్పలేదు.

ఆ ఆదివారం నుంచి ఆయన మాటలన్నీ ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. మళ్లీ "కాదు" ఒక్కటే మిగిలింది. మరుసటి వారానికి అదీ ఆగింది. వాడకపోతే వచ్చిన మాట మళ్లీ పోతుందని డాక్టరు మొదట్లోనే హెచ్చరించాడు. ఏమని వాడించను? నేను అడిగితే తల పక్కకి తిప్పుకుంటున్నారు. మా మనవరాలు కొత్త గవ్వలు తెచ్చి, "తాతయ్యా, నాతో ఆడవా?" అంటే దాని తల నిమిరి, గవ్వలు దాని చేతిలోనే పెట్టేశారు. మనసులో ఒక మాట రాస్తున్నాను, ఏమీ అనుకోకండి: నాకు టీచరమ్మ మీద కోపం వచ్చింది. మా అందరికీ ఇన్నేసి ఆటలు మిగిల్చి వెళ్లే హక్కు నీకెవరిచ్చారమ్మా అని.

తర్వాత సెంటరు నుంచి కబురొచ్చింది, ఎవరి వస్తువులు వాళ్లు తీసుకెళ్లమని. వెళ్లాను. లారీ డ్రైవరు తన బల్ల దగ్గర కూర్చుని, గుడ్డ తియ్యకుండా పైనుంచే డామినోలు తడుముతున్నాడు. అక్కడ కొత్త మేనేజరు, మా పాత స్టూడెంట్ల వయసు కుర్రాడు, మర్యాదస్థుడే.

"ఈ గదిలోకి మెషిన్లు వస్తున్నాయి మేడం. ఆటల కోసం ట్యాబులు ఇస్తాం. అష్టా చెమ్మా కూడా ఉంది అందులో."

"అది దొంగాట ఆడుతుందా?"

"ఛ ఛ, లేదు మేడం. హండ్రెడ్ పర్సెంట్ కరెక్ట్."

"అయితే మాకు పనికిరాదు నాయనా" అని పలక ఎత్తుకున్నాను.

గుడ్డతో సహా ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కాను. "మెల్లగా పోనియ్ బాబూ" అంటే, "గుడ్లాండీ?" అన్నాడు డ్రైవరు. కాదు, ఏనుగులు అన్నాను. అతను అద్దంలోంచి నన్ను ఒక రకంగా చూశాడు. పాపం నెమ్మదిగానే తోలాడు, కానీ మన రోడ్ల సంగతి మీకు తెలుసు. కాలవ గట్టు దిగేలోపు గుడ్డ కింద అన్నీ ఒకదాని మీద ఒకటి దొర్లిపోయాయి. చేత్తో ఆపబోయి ఇంకా కలిపేశాను. అంతమంది మధ్య ఏడవకుండా శవపేటిక దగ్గర నిలబడినదాన్ని, ఆటోలో ఏడ్చాను.

ఇంటికొచ్చి ఆయన ముందు బల్ల మీద పలక పెట్టి గుడ్డ తీశాను. "చెడిపోయిందండీ. దారిలో కలిసిపోయాయి" అన్నాను. ఆయన చాలాసేపు చూశారు. తర్వాత ఎడమచెయ్యి చాపారు. ఒక చిలకని తీసి ఒక గడిలో పెట్టారు. ఒక ఏనుగుని మూలకి జరిపారు. తడుముకోలేదు. ఎన్నో బండ్లని ఒకేసారి తలలో పెట్టుకుని నడిపిన మనిషి. టీచరమ్మ ఆ చివరి గురువారం గుడ్డ కప్పేముందు ఏది ఎక్కడ ఉందో అక్కడే పెట్టుకుంటూ వచ్చారు. ఆఖరి ఏనుగు దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. అది ఎక్కడ పెట్టినా అడిగేవాళ్లు లేరు. తన చిలకకి దూరంగా పెట్టినా నాకు తెలియదనే ఆయన అనుకుంటున్నారు.

సరిగ్గా మూడు గళ్ల వెనక పెట్టారు.

గవ్వలు నా వైపు తోశారు. వంతు టీచరమ్మది. ఎదుటి కుర్చీలో నేను కూర్చున్నాను. వేశాను. రెండు వెల్లకిలా పడ్డాయి.

ఏనుగుని ఎత్తి ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెడుతూ జరిపాను. చిలకని తీసి నా గుప్పిట్లో పెట్టుకున్నాను. దొంగాట ఆమెకొచ్చినంత అందంగా నాకు రాలేదు. తిట్టండి, దొంగ అనండి, రెండు అనండి, ఏదో ఒకటి అనండి అని లోపల్లోపల బతిమాలుకున్నాను.

ఆయన గవ్వల్ని చూశారు. ఏనుగుని చూశారు. నన్ను చూశారు. పెదవులు కదిలాయి. చప్పుడు రాలేదు. నా గుప్పిట విప్పి చిలకని తీసుకుని దాని గడిలో దాన్ని పెట్టారు. ఏనుగుని ఒక గడి వెనక్కి జరిపారు. ఇప్పుడు వంతు ఆయనది. గవ్వలు ఆయన ముందే ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు. పక్కనున్న గుడ్డ అందుకుని, ఒంటిచేత్తో, ఒక కొస లాగి ఇంకో కొస సర్ది, పలక మీద కప్పేశారు.

ఇవాళ బుధవారం. ఇది రాస్తుంటే ఆ పలక ఎదురుగా బల్ల మీదే ఉంది. ఫ్యాను గాలికి గుడ్డ కాస్త లేస్తోంది, మళ్లీ పడుతోంది. ఒకచోట మాత్రం లేవడంలేదు. అక్కడ ఎత్తిన తొండం ఒకటి గుడ్డని ఆపి పట్టుకుని ఉంది.