చామంతి కొమ్మలను కుళ్లబెట్టిన పొడి

ఎనభైల మొదట్లో ఒక ఉదయం నందిగామలో జగ్గయ్యపేట బస్సెక్కాను. ఊరు చూడటానికి కాదు, ఒక కొట్టువాణ్ణి నిలదీయడానికి. మా అన్నయ్య నర్సరీలో పనిచేసే మార్తమ్మ నాటిన చామంతి కొమ్మలన్నీ పది రోజుల్లో మొదళ్లు నల్లబడి కుళ్లిపోయాయి. వేళ్లు త్వరగా వస్తాయని అన్నయ్య ఆ కొట్లో కొని తెచ్చిన హార్మోను పొడినే ఆమె అద్దింది. అయినా తప్పు ఆమెదేనని పనివాళ్లందరి ముందూ తిట్టి పంపేశాడు. ఎనిమిదేళ్లుగా ఆ నర్సరీలో ప్రతి మొక్కా ఆమె చేతుల మీదే పెరిగింది.

ఏడు గంటల బస్సు, మూడు రూపాయల టికెట్టు. చిల్లకల్లు దగ్గర రోడ్డు మళ్లి పేటలో దిగేసరికి ఎనిమిది దాటింది. నా చేతిలోని కొమ్మలు చూసి కండక్టరు పూజకా అని అడిగితే కసురుకున్నాను. పాపం, అతనేం చేశాడు?

ఎరువుల కొట్టాయన కొమ్మలు చూసి, నాటిన మనిషి చెయ్యి మంచిది కాదేమో అన్నాడు. ఒళ్లు మండిపోయింది. పొడి వచ్చిన డబ్బా చూపించమని పట్టుబట్టాను. ముదురు కొమ్మలకు మాత్రమే అని దాని మీద స్పష్టంగా రాసి ఉంది. ఆయన ఆ పొడిని కాగితం పొట్లాలు కట్టి అమ్ముతున్నాడు.

"లేత కొమ్మలకి పనికిరాదని ఎందుకు చెప్పలేదండీ?"

"అడిగితే చెప్పేవాణ్ణమ్మా."

నేను బడిలో చెప్పే పాఠమే అది. వేళ్లు పుట్టించే హార్మోనును మొక్క తన చిగుళ్లలోనే తయారుచేసి కిందికి పంపుతుంది. మనం అద్దే పొడి దానికి తోడు మాత్రమే. లేత కొమ్మకు మోతాదు మించితే అదే హార్మోను వేళ్లను రానివ్వదు, మొదలును మాడ్చేస్తుంది.

డబ్బా మీది రాతను కాగితం మీద ఎక్కించుకుని మధ్యాహ్నం బస్సుకు తిరిగొచ్చాను. అన్నయ్య చదివి, రేపట్నుంచి రమ్మని చెప్పు అన్నాడు. సాయంత్రం మార్తమ్మ ఇంటికెళ్లి అదే చెప్పాను.

"తిట్టింది అందరి ముందు కదండీ అమ్మాయిగారూ. రమ్మనేది కూడా అందరి ముందే అనమనండి," అంది.

అన్నయ్య అనలేదు. ఆమె రాలేదు.

ఇన్నేళ్లయినా ఆ కోపం చల్లారలేదు. అందులో సగం నా మీదే. ఏటేటా ఆ పాఠం చెప్పే నేను, ఆమెను తిడుతున్నప్పుడు వరండాలో నిలబడి నోరు విప్పలేదు. మీరెప్పుడైనా ఈ పొడి కొనడానికి వెళ్తే పొట్లం తీసుకోకండి, డబ్బా మీది రాత చదవండి. లేత కొమ్మకు తక్కువ మోతాదుది అడిగి, మొదలుకు మాత్రమే అద్ది, ఎక్కువైన పొడిని దులిపేయండి. కొమ్మ కుళ్లితే, నాటిన మనిషిని అనేముందు ఆ రాత మళ్లీ చదవండి.