విజిల్‌కి ముందు అంబలి

మా కాలేజీలో చిరుతిళ్ళ టక్‌షాపు నడిపే ఆంటీ పోయిందని మంగళవారం పొద్దున ఆఫీసు బోర్డు మీద కాగితం అంటించారు. ‘అందరికీ ఆప్తురాలు’ అని రాశారు. అబద్ధం. నాకు ఆవిడ ఏనాడూ ఆప్తురాలు కాదు. అయిదేళ్ళు మేమిద్దరం ఉప్పూ నిప్పూలా ఉన్నాం.

ఈ దేశంలో నల్లవాళ్ళు తొలిసారి ఓటేసిన ఎన్నికలయిన మరుసటి ఏడాది నేను బందరు నుంచి సముద్రం దాటి, ఫీనిక్స్ పక్కనున్న ఈ కాలేజీకి ఆరోగ్యపాఠాలు చెప్పడానికి వచ్చాను. డార్నల్ చెరకుతోటల్లో పుట్టిన ఆవిడకు, కూలీలుగా వలస వచ్చిన తాతల తెలుగులో మిగిలినవి వంటల పేర్లు, గోవింద పాటలు, తిట్లు. నాకు తిట్లు దక్కాయి.

కయ్యానికి కాలు దువ్వింది నేనే. నూనెలో వేగినవి తినకూడదు, పొద్దున్నే గుడ్డు, పాలు, పండు తినాలి, రోజూ అరగంట పరుగెత్తాలి అని కరపత్రాలు అచ్చేయించి పంచాను. ఆవిడ వాటిలోనే సమోసాలు చుట్టి అమ్మింది. అడిగితే, కాగితం మంచిదే, నూనె బాగా పీలుస్తోంది అంది. ప్రిన్సిపాల్‌కి ఫిర్యాదు చేశాను. ఆయన సమోసా తింటూ విన్నాడు.

కాలేజీలోకి అన్ని జాతుల పిల్లలూ అప్పుడప్పుడే వస్తున్నారు. ఆ నియమాల మీద పరీక్ష పెడితే ఒక జూలూ అమ్మాయి ఒక్క తప్పు లేకుండా రాసింది. ఆ కాగితం క్లాసంతా చూపించి మురిసిపోయాను. మర్నాడు పరుగు రెండో చుట్టులో ఆ అమ్మాయే కళ్ళు తిరిగి పడిపోయింది. ముందుగా ఒళ్ళు సాగదీసే కసరత్తు సరిగా చేయలేదని నేను మందలిస్తుంటే, ఆంటీ గరిటె చేత్తోనే మైదానంలోకి వచ్చింది.

“పొద్దున ఏమి తినినాది ఈ పిల్ల, అడిగినావా నువ్వు? రెండు షేర్ టాక్సీ మారి వస్తాది. ఇంట్లో గుడ్డు ఎక్కడ ఉంది? నీ పేపర్ తినాలనా?”

అందరి ముందూ అంది. ఆ అమ్మాయి ముందురోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదట. ఆ అవమానానికి ఆవిడను నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆవిడ అన్నది నిజమైనందుకు ఇంకా ఒళ్ళు మండుతుంది.

మర్నాటి నుంచి ఆవిడ తన కొట్టు కిటికీలో పెద్ద గిన్నె పెట్టింది. పులిసిన మొక్కజొన్న అంబలి. జూలూలు అమహేవు అంటారు. పక్కన రొట్టె, బీన్స్ కూర. అందరూ తాగాక గరిటెతో గిన్నె అంచు మీద మూడుసార్లు కొట్టేది. ఆ చప్పుడు వినపడందే నేనెంత విజిల్ ఊదినా పిల్లలు కదిలేవాళ్ళు కాదు. మైదానం నాది, విజిల్ నాది, హుకుం ఆవిడది. పళ్ళు నూరుకుంటూ నిలబడేవాణ్ణి. ఆ తర్వాత ఒక్క పిల్ల కూడా పడలేదు.

నాకూ ఒక గ్లాసు విడిగా ఉంచేది. “తాగు పంతులూ, నాతో కొట్లాడేదానికి బలం కావాల” అనేది. తాగేవాణ్ణి. ఒక్కనాడూ బాగుందని చెప్పలేదు.

అంత్యక్రియల్లో ప్రిన్సిపాల్ ఆవిడ సమోసాలను తెగ పొగిడాడు. అంబలి మాటే ఎత్తలేదు. వినలేక లేచి వచ్చేశాను.

ఈ పొద్దున పిల్లలు మైదానంలోకి వచ్చారు. కిటికీ మూసి ఉంది. విజిల్ ఊదాను. ఎవరూ కదల్లేదు. అందరూ అటే చూస్తున్నారు. నాకు కోపం రావలసింది, ఏడుపొచ్చింది. విజిల్ జేబులో వేసుకుని, ఇన్నేళ్ళలో మొదటిసారి, పొద్దున ఏమీ తినకుండా వచ్చిందెవరని అడిగాను.

ముందు ఒక చెయ్యి లేచింది. తర్వాత, ఒక్కొక్కటిగా, సగం చేతులు లేచాయి.